ఆపరేషన్ తెల్లపొడి

పిస్టల్ బెంజమిన్ చేతిలోనే ఉంది. పేల్చడానికి మాత్రం వీల్లేదు.

గది నిండా రంపపు పొట్టు పొగమంచులా తేలుతోంది. ఫ్యాక్టరీలో పొట్టును ఆరబెట్టే డ్రయర్ గది అది. బెంజమిన్ లోపల వెతుకుతుండగా ఎవరో బయటి నుంచి ఇనుప తలుపుకు తాళం వేసి, డ్రయర్ ఆన్ చేసి వెళ్లిపోయారు. బ్లోయర్ పూర్తి వేగంతో తిరుగుతోంది. దాని బెల్టు కీచుమంటూ మాడు వాసన కొడుతోంది. ఇంత పొట్టు గాలిలో ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, గది మొత్తం బాంబులా పేలుతుంది. తాళం మీద కాల్చడమంటే తన కణతకు గురిపెట్టుకోవడమే.

బెంజమిన్ పిస్టల్‌ను నడుముకు దోపుకున్నాడు. ఈ పూట అతను లారీ క్లీనర్. గళ్ల లుంగీ, గ్రీజు మరకల బనియన్, అతికించిన గడ్డం. చెమటకు గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. స్టీలు పెన్నును తలుపు మడతబందు కింద పెట్టి, మేకును పైకి నెట్టడం మొదలుపెట్టాడు. పై బందు ఊడింది. కింది బందు తుప్పు పట్టి కదలనంటోంది. వెనక బెల్టు నుంచి సన్నటి పొగ లేచింది.

అప్పుడు తాళం చప్పుడైంది. బయటి నుంచి.

బెంజమిన్ తలుపు పక్కకు తప్పుకుని అడిగాడు. "వాన ఎక్కడ పడింది?"

"ఏరు ఎండిన చోట," అంది ఆడగొంతు. "త్వరగా రండి. ఇవి కొత్త చెప్పులు, పరుగెత్తడానికి పనికిరావు."

ఇద్దరూ పరుగెత్తారు. యూకలిప్టస్ దుంగల గుట్ట దాటి కాలువలోకి దూకేసరికి వెనక భూమి అదిరింది. డ్రయర్ గది పైకప్పు రేకులు టేకు చెట్ల మీదుగా ఎగిరి పడ్డాయి. మంటలు పక్కనున్న మిక్సింగ్ షెడ్డుకు అంటుకున్నాయి. సమాధుల పండుగ కావడంతో ఫ్యాక్టరీకి ఒంటిపూట సెలవు. మనుషులెవరూ లేరు.

మిక్సింగ్ షెడ్డులో ఉన్న తెల్లపొడి బస్తాలు మాత్రం కాలిపోతున్నాయి. బెంజమిన్ వచ్చింది ఆ బస్తాల కోసమే.

ఆమె మోచేతికి అంటిన బురదను చేతిరుమాలుతో తుడుచుకుంది. ఆకుపచ్చ సిల్కు చుడీదార్, నల్ల కళ్లద్దాలు, మల్లెల అత్తరు. ప్రసూన. పైకి ముంబైలో ఎగుమతుల ఏజెంట్. లోపల 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠాకు కబుర్లు మోసే మనిషి. ఇంకా లోపల, బెంజమిన్ పనిచేసే బ్యూరోకు కూడా కబుర్లు మోసే మనిషి.

"నన్నెందుకు కాపాడావు?"

"మీరు చస్తే బ్యూరోలో నాకు ఇంకో మనిషిని అలవాటు చేసుకోవాలి. ఓపిక లేదు," అంది ప్రసూన.

*

స్కార్పియో భద్రాచలం రోడ్డు మీద అడవిని చీల్చుకుంటూ పోతోంది. బెంజమిన్ గడ్డం పీకేసి కిటికీలోంచి విసిరాడు. సీటు కింద నుంచి పాత ట్రాన్సిస్టర్ తీసి దాని యాంటెన్నా లాగాడు. అది పాటలు పాడదు. దాని పొట్టలో శాటిలైట్ ఫోన్ ఉంది.

"చెప్పు," అంది అవతల నిర్మలాదేవి. బ్యూరో చీఫ్. గొంతులో ఎప్పుడూ ఒకటే తడి, అంటే అసలు లేదు.

"బస్తా మీద జింక్ బోరేట్ అని ముద్ర ఉంది. పెన్నులోని యాసిడ్ ఒక్క చుక్క వేశాను. నురగ పొంగింది."

"అంటే?"

"సుద్దపొడి మేడమ్. స్కూల్లో బోర్డు మీద రాసే సుద్ద."

నిర్మలాదేవికి ఇక చెప్పనక్కర్లేదు. ఈ కేసు ఫైలు మొత్తం ఆ పొడి చుట్టూనే తిరుగుతోంది.

ఇప్పలగూడెం పక్కన ఈ ఫ్యాక్టరీ చేసేది పలకలు. సగం రంపపు పొట్టు, సగం ప్లాస్టిక్ కలిపి, కరిగించి, అచ్చులోంచి లాగితే కర్రలాంటి పలక వస్తుంది. కర్రకన్నా తేలిక, చెద తినదు. సైన్యం కొండల్లో వేసే కాలివంతెనలకు ఇక్కడి పలకలే వాడుతోంది. ప్లాస్టిక్ ఉంది కదా, కుళ్లదని అందరి నమ్మకం. కానీ పలకలో సగం కర్రే. వాన నీళ్లు పొట్టు రేణువుల వెంట లోపలికి పాకుతాయి. వాటి వెనకే ఫంగస్ పోతుంది. కర్రను తిని ప్లాస్టిక్‌ను వదిలేస్తుంది. మిగిలేది జల్లెడ. అందుకే మిక్సింగ్‌లో జింక్ బోరేట్ అనే తెల్లపొడి కలుపుతారు. ఆ మందు ఉంటే ఫంగస్ బతకదు. ఆ పొడి బదులు సుద్దపొడి కలిపితే పలక చూడ్డానికి అలాగే ఉంటుంది, బరువూ అంతే. రెండు మూడు వానాకాలాల తర్వాత కాలేస్తే మరమరాల ఉండలా నలుగుతుంది.

ఆర్కిడ్ ముఠా వంతెనలకు బాంబులు పెట్టలేదు. బూజు పెట్టింది.

కిందటేడు ఆగస్టులో అలాంటి వంతెన ఒకటి లోయలోకి కూలింది. దాని మీద ముందు నడుస్తున్నవాడు హవల్దార్ ప్రభు, ఇంజనీర్ల దళం. బెంజమిన్ తమ్ముడు. విచారణ సంఘం రాసిన మాట ఒక్కటే: బోల్టులు సరిగ్గా బిగించలేదు, బాధ్యుడు హవల్దార్ ప్రభు. వాడి చావుకు వాడే నేరస్తుడు. ఇప్పలగూడెంలో వాళ్ల అమ్మ మహిమమ్మ ఆ కాగితం చదివించుకున్న రోజు నుంచి గుడిలో ముందు బెంచీ మీద కూర్చోవడం మానేసింది.

"సుద్దపొడి ఎక్కడైనా దొరుకుతుంది బెంజమిన్," అంది నిర్మలాదేవి. "బస్తాలు కాలిపోయాయి. కొత్త పలకలు భద్రాచలం రోడ్ స్టేషన్‌లో వ్యాగన్లలోకి ఎక్కేశాయి. చీకటి పడే లోపు గూడ్స్ కదులుతుంది. సరుకు వెంట ఉన్న మేజర్‌ను లైన్లో ఉంచగలను. కానీ నా అనుమానంతో సైన్యం రైలు ఆగదు. వాళ్లకు ఒక పేరు కావాలి. ఆ పేరుకు సాక్ష్యం కావాలి."

"తెస్తాను."

"ప్రాణంతో తేవాలి. నిన్ను పంపొద్దని అందరూ అన్నారు. పగ తీర్చుకోవడానికి పోతున్నావా, పని చెయ్యడానికి పోతున్నావా?"

"రెంటికీ దారి ఒకటే మేడమ్."

ఫోన్ కట్ అయ్యింది.

ప్రసూన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసింది. "ఫ్యాక్టరీలో ఉన్న మనిషిని ముఠాలో 'చెద' అంటారు. ముఖం నేనూ చూడలేదు. హెన్రిక్ కూడా చూడలేదు. చెట్టు తొర్రలో చీటీ, చీటీకి జవాబు. అంతే."

హెన్రిక్ ముఠా నాయకుడు. గోదావరి గట్టు మీది లాడ్జిలో పక్షుల ఫొటోగ్రాఫర్‌గా దిగి ఉన్నాడు.

"మిక్సింగ్ షెడ్డు తాళాలు ముగ్గురి దగ్గరే ఉంటాయి," అన్నాడు బెంజమిన్. "ఓనరు వెంకటనారాయణ. కెమిస్టు రామ్‌చందర్. మిక్సర్‌లోకి పొడి పోసే ఫీడర్ సూపర్‌వైజర్ జోజన్న."

"జోజన్నా?"

"ఊరివాడు. చిన్నప్పుడు మా ఇద్దరినీ సైకిల్ మీద బడికి దింపేవాడు."

"అయితే ఇద్దరే మిగిలారు," అంది ప్రసూన. "ఈ సాయంత్రం ఎక్కడుంటారు?"

"సమాధుల తోటలో. ఇవాళ ఊరంతా అక్కడే."

*

సమాధుల తోట ఊరి చివర, అడవి మొదట్లో ఉంది. ఆడవాళ్లు సమాధులు కడిగి సున్నం కొడుతున్నారు. బంతిపూల బుట్టలు, కొవ్వొత్తుల డబ్బాలు, గట్టి గట్టిగా కబుర్లు. చచ్చినవాళ్లను చూడ్డానికి వచ్చినా బతికున్నవాళ్ల సంగతులే ఎక్కువ.

బెంజమిన్ ఇప్పుడు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. ఊరికి అతను ఢిల్లీలో బీమా ఆఫీసులో గుమాస్తా. చంకలో ట్రాన్సిస్టర్.

"ఏంది బెంజీ, గీడ గూడ క్రికెట్ ఇంటవా?" అన్నాడు కాటికాపరి భీమయ్య.

"అలవాటయింది భీమయ్య మామా."

"ఇను ఇను. గీళ్లకేం ఇనబడుతది." భీమయ్య సమాధుల వైపు చెయ్యి ఊపి పోయాడు.

ఓనరు వెంకటనారాయణ గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి పామాయిల్ తోటలు పెట్టి, తర్వాత ఫ్యాక్టరీ పెట్టినవాడు. ఇవాళ కొవ్వొత్తులు ఆయన ఖర్చు. "ఫ్యాక్టరీ తగలడిపోయిందయ్యా," అన్నాడు బెంజమిన్‌తో, కొవ్వొత్తులు పంచుతూనే. "అయినా పండగ పండగే. ఇన్సూరెన్స్ వాడివి కదా, రేపు ఒకసారి కనపడు."

కెమిస్టు రామ్‌చందర్ ఆయన వెనక నిలబడి గోళ్లు కొరుకుతున్నాడు. చొక్కా మీద మసి. మంటలు ఆర్పడానికి పోయి అంటిందో, అంటించి వస్తే అంటిందో చెప్పడం కష్టం.

"తమ్మీ, ఎప్పుడొచ్చినవ్?"

బెంజమిన్ జోజన్న అని పిలిచే జోజి సున్నం బకెట్టుతో వచ్చాడు. యాభై దాటిన మనిషి, గుడి పెద్ద, మొహం నిండా నవ్వు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

"పొద్దుగాలొచ్చిన అన్నా. ఫ్యాక్టరీ కాలిందంట?"

"అవ్. కాలనీ." జోజి బకెట్టు కింద పెట్టాడు. "మిషన్ల పడి వేళ్లు పోయినయా, కంపెనీ ఏం జేసిందో ఎరికేనా? నా చెయ్యి ఫొటో తీసి గోడకు పెట్టిన్రు. కింద రాసిన్రు, భద్రత ముఖ్యమని. నాలుగేండ్లసంది రోజూ డ్యూటీకి పోంగ నా చేతికే నేను దండం పెట్టి పోతున్న." నవ్వాడు. "గిప్పుడు ఆ గోడ గూడ కాలి ఉంటది. పా, ప్రభు కాడికి పోదాం. సిలువ పక్కకు ఒరిగింది, సరిజేస్త."

తోటలో సిలువలన్నీ జోజి చేసినవే. ఊళ్లో ఎవరు పోయినా, ఆ వారం ఫ్యాక్టరీలో మిగిలిన పలక ముక్కలు తెచ్చి, కోసి, స్క్రూలు బిగించి, తెల్ల పెయింటుతో పేరూ తేదీ రాసి తనే పాతుతాడు. కర్ర సిలువలను ఈ నేలలో చెద ఏడాదిలో తినేస్తుందని అతను మొదలుపెట్టిన పుణ్యం.

ప్రభు సమాధి దగ్గర బెంజమిన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. సిలువ పట్టుకుని నిటారుగా నిలబెట్టబోయాడు. వేళ్లు లోపలికి దిగాయి.

మట్టికి తగిలే చోట పలక ఒక్క వానాకాలానికే మెత్తగా, తడిగా అయిపోయింది. పొరల మధ్య తెల్లటి దారాలు. పక్కన చిటికెన వేలంత పుట్టగొడుగులు. లోయలోంచి తమ్ముడి శవంతో పాటు వచ్చిన పలక ముక్క కూడా సరిగ్గా ఇలాగే ఉంది. తమ్ముణ్ణి చంపిన పలకతోనే తమ్ముడి సిలువ.

ఆ సంగతి మొహంలో కనపడనివ్వలేదు.

"ఉండనీ అన్నా. కాసేపు ప్రార్థన చేసుకుంట," అన్నాడు. జోజి బకెట్టు తీసుకుని వెళ్లాడు.

అప్పుడే బెంజమిన్‌కు తట్టింది. ఇది సమాధుల తోట కాదు. కంపెనీ చేసిన ప్రతి పలకా వానలో ఎన్నాళ్లుందో తేదీతో సహా నిలబెట్టిన టెస్టింగ్ ల్యాబ్. ముఠా తలపుకే రాని చోట, కంపెనీకి గుర్తులేని చోట.

అతను పాత సమాధుల వరస వెంట నడిచాడు. పెదవులు ప్రార్థన చేస్తున్నాయి. కుడిచేతిలో పెన్ను మొన. ప్రతి సిలువ అడుగునా ఒక్క పోటు. 2002, గట్టి. 2003, గట్టి. 2004లో పోయిన కోటమ్మది, మెత్తన. ఆ తర్వాత చిన్నప్పది, మెత్తన. పక్కది, దాని పక్కది, అన్నీ మెత్తనే. అంటే 2004 నుంచి మందు మాయమైంది. కూలిన వంతెన పలకలు అచ్చులోంచి వచ్చిన ఏడు.

కానీ ఈ తేదీలు ముగ్గురిలో ఎవరినీ పట్టివ్వవు. ముగ్గురూ అప్పటికే ఫ్యాక్టరీలో ఉన్నారు.

బెంజమిన్ ఇంకో సిలువకు పెన్ను గుచ్చాడు. మొన జారిపోయింది. మళ్లీ గుచ్చాడు. టక్కుమంది. ఇనుములా ఉంది.

తేదీ చూశాడు. 2005. అటూ ఇటూ కుళ్లిన సిలువలు. మధ్యలో ఇదొక్కటే కొత్తదానిలా నిలబడింది.

ఆ ఏడు ఆ ఫ్యాక్టరీలో మంచి పలక తయారే కాలేదు. ఈ సిలువ కోసం ఎవరో పాత సరుకు వెతికి, దాచి, తెచ్చి కోశారు. కొత్తవి నిలవవని ముందే తెలిసినవాడు. ఊరందరి చావులకూ చెత్త ముక్కలు పంచిపెట్టి, ఈ ఒక్క చావుకు మాత్రం చెయ్యి రానివాడు.

పేరు చదవనక్కర్లేదు. అయినా చదివాడు. విశ్రాంతమ్మ. జోజి తల్లి.

చిన్నప్పుడు ప్రభుకు జ్వరమొస్తే గంజి కాచి పోసిన చెయ్యి ఆమెది. బెంజమిన్ చేయి తనంతట తనే నడుము దగ్గరి పిస్టల్ మీదికి పోయింది. యాభై అడుగుల దూరంలో జోజి వంగి ఎవరి సమాధికో సున్నం కొడుతున్నాడు. వీపు ఇటువైపు. ఒక్క గుండు. ఊరంతా కేకలు వేసే లోపు పని అయిపోతుంది.

అయిపోతే, విచారణ కాగితం మీద ప్రభు పేరే మిగులుతుంది.

బెంజమిన్ చేయి వెనక్కి తీశాడు. ట్రాన్సిస్టర్ యాంటెన్నా లాగి, మీట తిప్పాడు. "రికార్డింగ్ పెట్టండి మేడమ్. కట్ చెయ్యకండి," అని గొణిగి, గేటు వైపు నడిచాడు.

*

పొద్దు వాలుతోంది. ఫాదర్ గారు ప్రార్థన ముగించారు. కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"ఫాదర్, ఒక్కమాట చెప్పొచ్చునా?" బెంజమిన్ ముందుకు వచ్చాడు. "మా తమ్ముని సిలువ అడుగున కుళ్లింది. చూస్తే శానా సిలువలు గట్లనే ఉన్నయ్. ఎవరి మీదన్న పడొచ్చు. వెంకటనారాయణ గారు దయగల మనిషి. అన్నీ తీపించి, అందరికీ ఇనుప సిలువలు పెట్టిస్తమంటున్రు."

వెంకటనారాయణ ఉలిక్కిపడ్డాడు. ఊరంతా ఆయన వైపు చూసింది. ఒక ముసలమ్మ అప్పుడే చేతులెత్తి దండం పెట్టింది. ఆయన గుటక వేసి, "ఆ... అదే అనుకుంటున్నానయ్యా," అన్నాడు.

"భీమయ్య మామా, తీయి. కాలబెడుదాం."

భీమయ్యకు ఇంత చిన్న పని ఎప్పుడూ దొరకలేదు. వరస మొదట్లో కోటమ్మ సిలువ పట్టుకుని లాగాడు. చప్పుడు లేకుండా అడుగున తెగి చేతికొచ్చింది. రెండోదీ అంతే. జనం గొణుక్కున్నారు. రామ్‌చందర్ ముందుకొచ్చి ఒక ముక్క తీసుకుని నలిపి చూశాడు. మొహం పాలిపోయింది. అతనికి నిజంగానే తెలియదు.

భీమయ్య విశ్రాంతమ్మ సిలువ మీద చెయ్యి వేశాడు.

"దాన్ని ముట్టకు," అన్నాడు జోజి.

భీమయ్య ఆగాడు. "అన్నీ తీయుమంటిరి గద."

"అది పాడుగాలే. దాన్నుండనీ."

"ముట్టుకొని చూస్తివా అన్నా?" అన్నాడు బెంజమిన్ నెమ్మదిగా. "నువ్వు ఈ వరసకే రాలే ఇవాళ."

"నేను జేసిన సిలువ నాకెరిక లేదా? అది గట్టిది. నూరేండ్లుంటది."

"అన్నీ నువ్వు జేసినయే గద. మరి మిగిలినయ్ ఎందుకుండవ్?"

జోజి మొహం మీది నవ్వు అలాగే ఉండిపోయింది. ఆపడం మర్చిపోయినట్టు.

బెంజమిన్ జేబులోంచి బీడీ కట్ట తీశాడు. ఆకుల మధ్య పసుపు పూసిన కాగితపు చీలికలు. విశ్రాంతమ్మ సిలువ అంచు కొంచెం గీకి, ఆ పొడి మీద పెన్నులోని యాసిడ్ చుక్క వేసి, పసుపు కాగితానికి అద్దాడు. ప్రభు సిలువ ముక్కతో ఇంకో కాగితం. రెండూ రామ్‌చందర్ చేతికిచ్చాడు. "కొవ్వొత్తి సెగకు ఆరబెట్టండి సార్. అందరికీ కనపడేటట్టు."

రామ్‌చందర్ రెండు కాగితాలనూ కొవ్వొత్తి మీద పట్టాడు. ఒక కాగితం ఆరుతూ ఆరుతూ ఎర్రటి ఇటుక రంగులోకి తిరిగింది. రెండోది పసుపుగానే ఉండిపోయింది.

"ఎర్రదాంట్లో బోరేట్ ఉంది," అన్నాడు రామ్‌చందర్. "రెండోదాంట్లో... ఏమీ లేదు. మందే కలపలేదు." జోజి వైపు తిరిగాడు. "ఫీడర్లో పోసేది నువ్వు కదయ్యా."

సున్నం బకెట్టు గాలిలోకి లేచింది. బెంజమిన్ మొహం తిప్పాడు గానీ సగం సున్నం కళ్లలో పడింది. ప్రపంచం తెల్లగా మండింది. జనం చెదిరిన అడుగుల చప్పుడు. జోజి అడవి వైపు పరుగెత్తుతున్నాడు. అటు చివర కందకం, దాని అవతల టేకు చెట్లు. కందకం దూకడానికి ఊతంగా, అంచున ఉన్న సిలువను రెండు చేతులా పట్టుకుని ఊగాడు.

అది ప్రభుది. చేతుల్లోనే పొడి అయింది. జోజి కందకంలో వెల్లకిలా పడ్డాడు.

బెంజమిన్ ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో తడుముకుంటూ కందకం అంచుకు చేరేసరికి అక్కడ మల్లెల వాసన వచ్చింది.

ప్రసూన తెల్ల చున్నీ తల మీద కప్పుకుని, ఒక చేత్తో కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. రెండో చేతిలో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్టల్. జోజి గుండెకు గురి.

"చెదను పడవ ఎక్కించమన్నాడు హెన్రిక్," అంది. "దొరికిపోతే నోరు మూయించమన్నాడు. దొరికిపోయాడు. జరగండి."

"నా మనిషి వీడు."

"మీ మనిషి కాబట్టే చెప్తున్నా. మీ తమ్ముణ్ణి చంపినవాడు. బ్యూరో ప్రాణంతో తెమ్మంది, మీరు చంపలేరు. నేను చంపగలను. ఒక్క అడుగు పక్కకు వెయ్యండి. మీకు పగ తీరుతుంది, నాకు పని తీరుతుంది."

బెంజమిన్ కిందికి చూశాడు. జోజి బురదలో పడి ఉన్నాడు. మూడు వేళ్ల చెయ్యి ఛాతీ మీద.

"నేను మనుషులను చంపాలనుకోలే తమ్మీ," అన్నాడు జోజి. "కంపెనీ పేరు కుళ్లాలనుకున్న. గా గోడ మీది చెయ్యి చూసి చూసి... పలకలు చెడితె వాపసు వస్తయ్, కంపెనీ మూతబడతది అనుకున్న. గంతే."

"వంతెన మీద మనుషులు నడవరా అన్నా?"

జోజి మోచేతుల మీద లేవబోయి, బురదలో మళ్లీ జారాడు.

"డ్రయర్ గదికి తాళమేసినప్పుడు లోపల మనిషి లేడా?"

"నువ్వని తెల్వదు. గడ్డముండె."

ఆ మాటకు బెంజమిన్ మొహంలో ఏదో చివరి పొర తెగింది. ఈ మనిషికి గడ్డం ఉన్నవాడు మనిషి కాదు. లోయ మీద నడిచేవాడు మనిషి కాదు. సొంత తల్లి ఒక్కతే మనిషి.

ఒక్క అడుగు. ఎడమ కాలు పక్కకు వేస్తే చాలు. ఏడాదిగా నిద్రలో వేస్తున్న అడుగు అది.

అతను వేశాడు. పక్కకు కాదు, ముందుకు. జోజికీ పిస్టల్‌కీ మధ్యకు.

"వీడు చస్తే నా తమ్ముడు నేరస్తుడిగానే ఉంటాడు," అన్నాడు ప్రసూనతో. "కోర్టులో నిలబడి వీడు రోజూ బతకాలి. నా పగ నువ్వు అనుకున్నంత చిన్నది కాదు."

ప్రసూన అతని కంటిలోంచి కారుతున్న సున్నపు నీళ్లను చూసింది. గేటు వైపు నుంచి భీమయ్య పార పట్టుకుని, వెనక సగం ఊరితో వస్తున్నాడు. ఆమె మనసులో ఏదో లెక్క వేసుకుంది. పిస్టల్ చున్నీ కిందికి పోయింది.

"అయితే ఇప్పుడు నేను హెన్రిక్‌ను అమ్మేయాలి," అంది నిట్టూర్చి. "నీలం గీత ఉన్న లాంచీ. కింది రేవులో. ఇంకా ఇంజను వేడెక్కుతూ ఉంటుంది. మంచి మనిషి, పక్షుల ఫొటోలు నిజంగానే బాగా తీస్తాడు."

బెంజమిన్ ట్రాన్సిస్టర్ ఎత్తాడు. "విన్నారా మేడమ్?"

"లాంచీ విన్నాను. రేవు మూస్తున్నారు," అంది నిర్మలాదేవి. వెనక రైలు కూత వినపడింది. "కాగితాల రంగు కూడా విన్నాను. మేజర్ లైన్లో ఉన్నాడు. గార్డు పచ్చ జెండా తీశాడట. ఎర్ర జెండా ఎత్తించడానికి నాకు ఒక్కటే తక్కువ. నీ తమ్ముడి ఫైలులో బాధ్యుడు అన్న గడి ఉంది. అక్కడి పేరు కొట్టేసి ఇంకో పేరు రాయాలి. రికార్డు కోసం స్పష్టంగా చెప్పు. ఎవరు?"

జనం కందకం చుట్టూ చేరారు. కొవ్వొత్తుల వెలుగులో మహిమమ్మ కూడా ఉంది. ఇన్నేళ్లలో బెంజమిన్ ఆ మనిషిని పక్కన అన్న లేకుండా ఒక్కసారి కూడా పిలవలేదు.

అమ్మకు వినపడేలా, గట్టిగా చెప్పాడు.

"జోజి."